గోడ అవతలి బడి

ఆదివారం పూట ఏ చిన్న పట్నానికి వెళ్లినా కనిపించే దృశ్యమే. ప్రైవేటు హైస్కూలు ప్రహరీ పక్కన, మురిక్కాలవకీ ఆగి ఉన్న ఆటోలకీ మధ్య పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. గోడ లోపల చదునుగా చేసిన మైదానం ఖాళీగా ఎండలో మెరుస్తుంటుంది. బంతి లోపల పడితే వాచ్‌మన్‌ని బతిమాలుకోవాలి. మంచివాడైతే విసురుతాడు, లేకపోతే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. మా వీధి చివరి బడి గేటు బార్లా తెరుచుకునేది ఏడాదికి ఒక్కసారి, ఆగస్టు 15న. పక్కనున్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల పిల్లల్ని వరసలో నిలబెట్టి తలా రెండు నోటుపుస్తకాలు, ఒక పెన్సిలు, ఒక లడ్డూ చేతిలో పెడతారు. పుస్తకం అట్ట మీద బడి పేరు, ‘అడ్మిషన్లు జరుగుచున్నవి’ అన్న మాట, ఫోను నంబరు. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో.

ఆ పుస్తకాలు వద్దని నేననను. రెండు నోటుపుస్తకాలు కొనడానికి వెనకాముందాడే ఇళ్లు ఆ వీధి వెనకే ఉన్నాయి. నా ప్రశ్న వేరు. ఒక ప్రైవేటు బడి తన ఫీజు కట్టని వాళ్లకి, తన గోడ అవతల బతికే ఊరికి ఏం చేస్తే ‘మేలు’ చేసినట్టు? లడ్డూ నుంచి ఎంత దూరం నడిస్తే ఆ మాట అనొచ్చు?

ఇది మర్యాద కోసం అడిగే ప్రశ్న కాదు. దీని వెనక డబ్బు లెక్క ఉంది. మన దేశంలో గుర్తింపు పొందిన ప్రైవేటు బడిని మామూలుగా ఒక ట్రస్టో సొసైటీయో నడపాలి. లాభం పంచుకోకూడదు. మిగులు ఉంటే బడికే పెట్టాలి. ఆ షరతు మీదే ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుంది. విద్య వ్యాపారం కాదని 1993లో సుప్రీంకోర్టు చెప్పిన ఉన్నికృష్ణన్ కేసులో ఎదురు పార్టీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు కొంత సడలించి, సహేతుకమైన మిగులు తప్పు కాదు, దోపిడీ మాత్రం తప్పు అంది. 2022 అక్టోబరులో న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో గీత మళ్లీ బిగిసింది. విద్య ఒక్కటే లక్ష్యంగా ఉన్న సంస్థకే ఆ మినహాయింపు అని తేల్చారు. ఆ కేసూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిందే. అంటే ఈ తగువు ఢిల్లీలో తేలినా పుట్టుక మన దగ్గరే.

ఇంగ్లండులో ఇదే తగువు ఇంకా బాహాటంగా నడుస్తోంది. అక్కడ చాలా ప్రైవేటు బడులు ధర్మసంస్థల హోదాలో ఉంటాయి. 2006లో వచ్చిన చట్టం, ఆ హోదా కావాలంటే ప్రజలకు ఏం మేలు చేస్తున్నారో చూపించండి అంది. బడుల సంఘం ట్రిబ్యునల్‌కి వెళ్తే, పేదలకు ఏదో మొక్కుబడిగా చేస్తే చాలదు కానీ ఎలా చేయాలో నిర్ణయించుకునేది బడి ధర్మకర్తలే అని 2011లో తీర్పు వచ్చింది. 2025 జనవరి 1 నుంచి అక్కడి ప్రైవేటు బడుల ఫీజు మీద 20 శాతం వ్యాట్ పడుతోంది. దాంతో ప్రతి బడీ తాను చుట్టుపక్కలకి చేసిన మేళ్ల చిట్టా విప్పుతోంది. ఈత కొలను ఇచ్చాం, శనివారం లెక్కలు చెప్పాం, సంగీత కచేరీ పెట్టాం. చిట్టాలు పొడుగ్గానే ఉంటాయి. మనకి చిట్టా కూడా లేదు.

వీటిని ఇంగ్లిషులో ‘ఇండిపెండెంట్ స్కూల్స్’ అంటారు. మనం ప్రైవేటు బడి అనేసి ఊరుకుంటాం. నాకు ఆ ఇంగ్లిషు పేరే నచ్చుతుంది. ఎందుకంటే అది అసలు విషయాన్ని ఎత్తి చూపుతుంది. స్వతంత్రం అంటే దేని నుంచి? ప్రభుత్వ బడి పంతులు టైంటేబుల్ మార్చాలంటే మండల విద్యాధికారి (ఎంఈఓ) అడుగుతాడు, పాఠం వరస మార్చాలంటే జిల్లా విద్యాధికారి (డీఈఓ) దాకా పోతుంది, నెలకో సర్క్యులర్ వస్తుంది. ప్రైవేటు బడికి ఆ బెడద తక్కువ. పదేళ్లపాటు ఒక కొత్త పద్ధతిని ప్రయత్నించి, తప్పులు చేసి, దిద్దుకునే వీలు దానికుంది. ఆ స్వతంత్రాన్ని మన కార్పొరేట్ విద్యాసంస్థలు దేనికి వాడుకున్నాయో రెండు రాష్ట్రాల్లో ప్రతి ఇంటికీ తెలుసు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, ఆటల పీరియడ్‌లో స్లిప్ టెస్టు. నా వాదన ఒక్కటే. ప్రైవేటు బడి ఊరికి ఇవ్వగలిగిన వాటిలో అన్నిటికంటే విలువైనది, ప్రభుత్వ పంతులు చేయలేని ప్రయోగం చేసి, ఫలితాన్ని తన దగ్గరే దాచుకోకుండా అతని చేతిలో పెట్టడం. మైదానం, ల్యాబు, లైబ్రరీ, నోటుపుస్తకాలు అన్నీ దాని తర్వాతే.

గాలిలో మాట్లాడకుండా ఒక బడిని చూపిస్తాను. మదనపల్లె నుంచి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, కురబలకోట మండలంలో ఉంది. ఋషివ్యాలీ.

తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మదనపల్లెలోనే. ఆ ఊరికి ప్రైవేటు విద్యాసంస్థల చరిత్ర పాతది. అనిబిసెంట్ పేరుతో ఉన్న థియొసాఫికల్ కాలేజీ 1915 నాటిది, 1919లో టాగూరు ‘జనగణమన’ను ఇంగ్లిషులోకి మార్చింది అక్కడే. కృష్ణమూర్తి ఆలోచనతో తెట్టు అనే ఊరి దగ్గరి లోయలో ఈ బడి కోసం 1920ల్లో స్థలం కొన్నారు. అక్కడి పెద్ద మర్రిచెట్టును చూసి ఆయన ‘ఇక్కడే’ అన్నాడని చెప్పుకుంటారు. ఎదురుగా ఋషికొండ. కొండ మీద మునులు తపస్సు చేశారన్నది ఊళ్లవాళ్ల కథ, లోయకు పేరు అలా వచ్చింది. అనంతపురం వైపు నుంచి వచ్చేవాళ్లకి ఆ నేల కొత్తేమీ కాదు. రాళ్ల గుట్టలు, ఎండిన వంకలు, వేరుశెనగ చేలు, బోరు పడితే టమోటా.

ముందే ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ పెద్ద బడి పేదవాళ్ల బడి కాదు. అది హాస్టల్ బడి. బెంగళూరు, చెన్నై, హైదరాబాదు, ముంబై నుంచి పిల్లలు వస్తారు. ఫీజులు మామూలు జీతగాడికి అందవు. లోయలోని కూలీ బిడ్డ చదువుకునేది, చాలావరకు, అందులో కాదు. ఇంతవరకూ చదివి, ‘మరి ఇందులో మేలేముంది’ అనేవాళ్ల మాట న్యాయమే. నేనూ చాలాకాలం అదే అన్నాను.

నా అభిప్రాయం మారడానికి కారణం, నేను ఒంటరి పంతులు బడిలో చదివినవాణ్ణి కావడం.

మా ఊళ్లో ఒకే గది. అయిదు తరగతులు. ఒక సారు. అయిదో తరగతికి సారు బోర్డు మీద భాగాహారం చెబుతుంటే, నాలుగో తరగతి వాళ్లం గోడవైపు తిరిగి పన్నెండో ఎక్కం పదిసార్లు రాసేవాళ్లం. మూడో తరగతి చుక్కల బొమ్మలు వేసేది. ఒకటో తరగతి పలకల మీద అ ఆలు దిద్ది, తుడిచి, మళ్లీ దిద్ది, చివరికి నిద్రపోయేది. సారు చెడ్డవాడు కాదు. ఆయనకి రోజుకి అయిదు గంటలు, పాఠాలు ఇరవై. ఆ లెక్క ఎవరు వేసినా తెగదు. చెనక్కాయలు పెరికే కాలం వస్తే సగం గది ఖాళీ. నెల తర్వాత తిరిగి వచ్చినవాడికి పాఠం ఎక్కడుందో తెలిసేది కాదు. సారుకి వెనక్కి వెళ్లే వీలు లేదు. వాడు వెనకబెంచీలో కూర్చుని, మరుసటి ఏడాది మేకలు మేపడానికి పోయేవాడు. ‘డ్రాపవుట్’ అన్న మాట నేను చాలా ఏళ్ల తర్వాత నేర్చుకున్నాను. వాళ్ల ముఖాలు మాత్రం ముందే తెలుసు.

1980ల చివర్లో ఋషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ దంపతులు చేతిలోకి తీసుకున్నది సరిగ్గా ఈ గదినే. ఒక పంతులు, అయిదు తరగతులు, రాకపోకలు నిలకడగా లేని పిల్లలు. చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు పెట్టారు. వాటిని శాటిలైట్ స్కూళ్లు అంటారు. పంతుళ్లుగా ఎక్కువగా ఆ చుట్టుపక్కల యువకులనే తీసుకుని తర్ఫీదిచ్చారు. తర్వాత వాళ్లు చేసింది వినడానికి చాలా చిన్నగా ఉంటుంది. పాఠ్యపుస్తకాన్ని ముక్కలు చేశారు.

నిజంగానే ముక్కలు. ఒకటి నుంచి అయిదు దాకా తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం మొత్తాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకి కొన్ని కార్డులు చేశారు. గోడ మీద ఒక నిచ్చెన పటం. ప్రతి మెట్టు పక్కనా ఒక బొమ్మ. ఆ బొమ్మే కార్డు మీదా ఉంటుంది. అక్షరాలు రాని పిల్లవాడు కూడా ‘నాది ఇది’ అని వెతుక్కుని అరలోంచి తీసుకోగలడు. ఒక కార్డు కొత్త సంగతి చెబుతుంది, ఇంకోటి దాన్ని ఆటలాగా సాధన చేయిస్తుంది, మరోటి వచ్చిందో రాలేదో చూస్తుంది. రాకపోతే వెనక్కి తీసుకెళ్లే కార్డు వేరు, వచ్చేసినవాణ్ణి ఇంకాస్త దూరం తీసుకెళ్లేది వేరు. గదిలో పిల్లలు తరగతుల వరసలో కూర్చోరు. గుంపులుగా చాపల మీద గుండ్రంగా కూర్చుంటారు. కొత్త మెట్టు ఎక్కేవాళ్లు సారు పక్కన, సగం వచ్చినవాళ్లు సారు చూపు అందేంత దూరంలో, కొందరు ఒకరికొకరు చెప్పుకుంటూ, కొందరు తమ పని తాము చేసుకుంటూ. గోడ కింది భాగంలో పిల్లల ఎత్తుకి నల్లబల్ల ఉంటుంది. ఎవరి వాటా వాళ్లది.

టమోటా కోతలకి వెళ్లి మూడు వారాలు రాని పిల్ల తిరిగి వస్తే ఏమవుతుంది? నిచ్చెన దగ్గరికి పోయి, తాను వదిలిన మెట్టు చూసుకుని, ఆ బొమ్మ కార్డు తీసుకుని కూర్చుంటుంది. అంతే. ఎవరూ తిట్టరు, ఎవరూ ఫెయిల్ చేయరు. అయిదు తరగతులకి ఇరవై పాఠాలు చెప్పలేక చచ్చే పంతులు ఇక్కడ బోర్డు ముందు నిలబడడు, గుంపు నుంచి గుంపుకి తిరుగుతుంటాడు. మా సారు గుర్తొచ్చారు నాకు. ఆయనకి ఇది ఎవరైనా ఇచ్చి ఉంటే బాగుండేదనిపించింది.

ఈ సామగ్రి అంతా ఒక పెట్టెలో పట్టేలా చేసి ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’ అన్నారు. ఆ పెట్టె తర్వాత ఎక్కడికి వెళ్లిందో చూస్తేనే నా వాదనకి బలం. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె తాలూకా నుంచి ప్రభుత్వ టీచర్లు వచ్చి చూసి వెళ్లారు. అడవి అంచు పల్లెల్లో పనిచేసేవాళ్లు. యునిసెఫ్ తోడ్పాటుతో వాళ్లు కన్నడంలో తమ కార్డులు తామే చేసుకున్నారు. పేరు ‘నలి-కలి’, ఆడుతూ నేర్చుకో అని. ఆ తర్వాత కర్ణాటక ప్రభుత్వం దాన్ని రాష్ట్రమంతటా కింది తరగతులకి తెచ్చింది. 2003లో చెన్నై కార్పొరేషన్ కమిషనరుగా ఉన్న ఎం.పి. విజయకుమార్ తన టీచర్లని లోయకి పంపి, ముందు 13 కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి కార్పొరేషన్ బడులన్నిటికీ, 2007 నాటికి తమిళనాడు అంతటా ముప్పయి ఏడు వేలకు పైగా ప్రభుత్వ బడులకి పాకింది. జర్మనీలోని రెగెన్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయం కూడా ఋషివ్యాలీ వాళ్లతో కలిసి పనిచేసింది.

గమనించండి, ఇక్కడ ఎవరూ ఎవరికీ లడ్డూ పెట్టలేదు. ఫీజు కట్టే పిల్లల బడి ఒకటి తన నీడలో ఒక ప్రయోగశాలని పోషించింది. వచ్చిన ఫలితాన్ని గోడ దాటించింది. దాన్ని అందుకున్నది ప్రభుత్వ టీచర్లు, అందుకుని తమ భాషలోకి, తమ పిల్లలకి తగ్గట్టు మార్చుకున్నది కూడా వాళ్లే. హెచ్.డి. కోటెలో నిలబడడానికి కారణం ఆ చివరిదేనని నా నమ్మకం. తమిళనాడులో అది పైనుంచి ఉత్తర్వుగా దిగేసరికి అన్ని చోట్లా ఒకే ఊపు రాలేదు. నమ్మిన టీచరు చేతిలో కార్డు పాఠమైంది, నమ్మని టీచరు చేతిలో ఇంకో రిజిస్టరు అయింది. తర్వాత్తర్వాత వాళ్లే దాన్ని సడలించుకున్నారు.

మరి మనం? పాడేరు ఏజెన్సీలో గిరిజన బడులకి ఈ పద్ధతి 1990ల్లో వెళ్లింది. శిక్షణలు అప్పుడప్పుడు జరిగాయి. కానీ కన్నడిగులూ తమిళులూ ఎగబడి తీసుకున్నంతగా తెలుగు ప్రభుత్వాలు తీసుకోలేదు. పెరటి చెట్టు మందుకు రాదంటారు కదా. విద్యా సంస్కరణలు చూడ్డానికి మనవాళ్లు విదేశాలు పోయారు. కురబలకోట దారిలో కనిపించలేదు.

ఇందులో చేదు ఎక్కడుందంటే, ఒంటరి పంతులు బడి పోయిన కాలపు ముచ్చట కాదు. 2022లో జీవో 117 వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో 3, 4, 5 తరగతులను దగ్గరి హైస్కూళ్లలో కలిపినప్పుడు, వెనక మిగిలిన చాలా బడుల్లో రెండు తరగతులు, ఒక టీచరు. 2025లో ఆ జీవోని రద్దు చేసి బడులను మళ్లీ సర్దారు. సర్దినా, పిల్లలు ఇరవైకి లోపు ఉన్న పల్లె బడిలో ఇద్దరు ముగ్గురు టీచర్లు ఎక్కణ్ణుంచి వస్తారు? తెలంగాణలోనూ ఏకోపాధ్యాయ పాఠశాలలు వేలల్లో ఉన్నాయి. ప్రతి జూన్‌లో ఈ వార్త వస్తుంది, టీచర్ల సంఘాలు తరగతికో టీచరు అడుగుతాయి. అడగడం న్యాయమే. అది దక్కేదాకా ఉన్న ఒక్క టీచరు చేతిలో ఏం పెడతారన్నది కూడా న్యాయమైన ప్రశ్నే.

ఇంకో సంగతి. మేలు ఒక దిక్కున మాత్రమే పారిందనుకుంటే పొరపాటు. ఆ కార్డుల్లో ఉన్నవి ఎక్కడివి? లోయలోని అవ్వలు చెప్పే కథలు, తల్లులు పాడే పాటలు, పొడుపు కథలు, పల్లె ఆటలు. తల్లుల్ని బడికి పిలిచి కథలు చెప్పించారు, రాసుకున్నారు, పాఠాలు చేసుకున్నారు. పిల్లల చేత ‘మెట్రిక్ మేళా’ నడిపించారు. పిల్లలే అంగళ్లు పెట్టి, తూకం రాళ్లు పట్టుకుని, ఊరివాళ్లకి కూరగాయలు అమ్మి, చిల్లర లెక్క చూస్తారు. కొలతల పాఠం అదే. సంతలో మోసపోయిన తండ్రి తన కూతురు తక్కెడ ముల్లు చూసి ‘ఇంకో వంద గ్రాములు వెయ్యాలి’ అంటుంటే నిలబడి చూస్తాడే, ఆ చూపు వల్ల బడి ఊరికి నిలబడుతుంది. ఊరి చదువులేనితనం మీద జాలిపడి వచ్చిన సంస్థ ఈ పని చేయలేదు. ఊరికి ఏదో తెలుసు, అది మాకు కావాలి అనుకున్న సంస్థే చేయగలదు. దానానికీ ఇచ్చిపుచ్చుకోవడానికీ తేడా ఇక్కడ తెలుస్తుంది.

కొండల సంగతి క్లుప్తంగా చెబుతాను. బోడిగుట్టల మీద మొక్కలు నాటారు, మేకల్ని కొంతకాలం ఆపారు, వాననీరు ఇంకేలా కుంటలు, కట్టలు వేశారు. 1991లో లోయని పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించుకున్నారు. రాతి గుట్టల్లో తప్ప దొరకని పసుపు గొంతు పికిలి పిట్ట అక్కడ కనిపిస్తుంది. గ్రామీణ ఆరోగ్య కేంద్రం ఉంది. ఇవన్నీ మంచివే. కానీ నీళ్లు, చెట్లు, వైద్యం ఏ మంచి సంస్థ అయినా చేయగలదు. బడి మాత్రమే చేయగలిగింది చదువు. అందుకే నేను కార్డుల దగ్గర ఇంతసేపు ఆగాను.

పొరుగున ఇంకో గుర్తు కూడా ఉంది. ఋషివ్యాలీలో పాఠాలు చెప్పిన డేవిడ్ హార్స్‌బరో 1972లో సరిహద్దు దాటి కోలారు జిల్లాలో నీల్‌బాగ్ అనే చిన్న బడి పెట్టాడు. పరీక్షలు లేవు, వయసుల గోడలు లేవు, చుట్టుపక్కల రైతుల పిల్లలే విద్యార్థులు. పిల్లలకి చెబుతూనే టీచర్లనీ తయారుచేశాడు. ఒక బడిలో పనిచేసిన మనిషి బయటికి వెళ్లి మరో బడికి విత్తనమవడం కూడా ఊరికి చేరే మేలే. అది ఏ వార్షిక నివేదికలోనూ లెక్కకి రాదు.

ఇక ఎదురు మాటలు. మొదటిది ఉద్యోగాలు. ‘మా బడి వల్ల ఊళ్లో వందమందికి పని దొరికింది’ అని యాజమాన్యాలు గొప్పగా చెప్పుకుంటాయి. వంటవాళ్లు, ఆయాలు, డ్రైవర్లు, తోటమాలులు. జీతం వస్తే ఇల్లు గడుస్తుంది, కాదనను. కానీ కోళ్లఫారం పెట్టినా అంతమందికి పని దొరుకుతుంది. పైగా ఊరివాళ్లు గేటు లోపలికి చీపురు పట్టుకునే వస్తున్నారంటే, ఆ బడి ఊరికి ఏ పాఠం చెబుతోంది? పట్నాల్లో మామూలు ప్రైవేటు బడుల టీచర్ల సంగతి ఇంకా అన్యాయం. డిగ్రీ, బీఈడీ ఉన్న అమ్మాయి భవన నిర్మాణ కూలీకి వచ్చేదాని కంటే తక్కువకి పనిచేస్తుంది, వేసవి రెండు నెలలు జీతం ఉండదు. ఆ టీచరూ గోడ అవతల బతికే ఊళ్లో మనిషే. బయటి పిల్లలకి లడ్డూ పంచే ముందు ఆమెకి మే నెల జీతం ఇవ్వొచ్చు.

రెండో ఎదురుమాట గట్టిది. ప్రైవేటు బడి ఊరికి మేలు చేయడం సంగతి అలా ఉంచండి, అది ఊరి నుంచి ఏం తీసుకుపోతోంది? పసుపు బస్సు ఊళ్లోకి రావడం మొదలయ్యాక ముందు వెళ్లేది సర్పంచి మనవడు, షావుకారు కొడుకు, టీచరుగారి సొంత బిడ్డ. అంటే ప్రభుత్వ బడిలో కుళాయి పనిచేయకపోతే ఎంఈఓ ఆఫీసుకి పోయి గట్టిగా అడగగల గొంతులన్నీ. మిగిలేవి అడగలేని ఇళ్ల పిల్లలు. పిల్లలు తగ్గారని టీచరుని తీసేస్తారు, టీచరు లేడని ఇంకొందరు వెళ్లిపోతారు. ఈ నష్టం ముందు రెండు నోటుపుస్తకాలు ఎంత? విద్యాహక్కు చట్టం 2009లోని 25 శాతం సీట్ల నిబంధన దీనికి ఒక సమాధానం అనుకున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో అది నిజంగా అమల్లోకి రావడానికే చట్టం వచ్చాక పన్నెండేళ్లు దాటింది. వచ్చాకా ఫీజు బకాయిల పేచీ ప్రభుత్వానికీ యాజమాన్యాలకీ మధ్య నడుస్తూనే ఉంది. నేను ఆ నిబంధనకి అనుకూలుణ్ణే. కానీ అది కొందరు పిల్లల్ని గోడ ఇవతలికి తెస్తుంది. అవతల మిగిలిన గదిని అది బాగుచేయదు.

మూడోది లోయలోనే ఉంది. ఆ చిన్న బడులకీ ఇంగ్లిషు మీడియం వ్యానుల తాకిడి తప్పలేదు. బిడ్డకి మెడలో టై కావాలనే తల్లికి, చాప మీద కూర్చుని కార్డులు తిప్పే చదువు తక్కువగా కనిపించడంలో వింత లేదు. పెద్ద బడి పిల్లలు ఇంగ్లిషులో మాట్లాడుతుంటే, మా పిల్లలకి తెలుగు కార్డులా అని ఆమె అడిగితే దానికి తేలిక జవాబు లేదు. మాతృభాషలో పునాది మేలన్న సంగతి నాకు తెలుసు, నమ్ముతాను. కానీ ఆ మాట గోడ లోపలివాళ్లు చెబితే వినడానికి ఆమెకి కష్టంగా ఉంటుంది.

ప్రతి ప్రైవేటు బడీ ఋషివ్యాలీ కాలేదు. కానవసరమూ లేదు. 375 ఎకరాలు, దశాబ్దాల ఓపిక అందరికీ ఉండవు. 2020 జాతీయ విద్యా విధానంలో ఒక చిన్న వాక్యం ఉంది. ఒక ప్రభుత్వ బడికి ఒక ప్రైవేటు బడిని జోడించాలి, రెండూ ఒకదాన్నుంచి ఒకటి నేర్చుకోవాలి, వీలైతే వనరులు పంచుకోవాలి అని. ‘ఒకదాన్నుంచి ఒకటి’ అన్న మాట నాకు ముఖ్యం. మన దగ్గర ఈ జోడింపు జరిగినా ఎలా జరుగుతుందో ఊహించొచ్చు: ఒక ఎంఓయూ, ఒక ఫొటో, మళ్లీ నోటుపుస్తకాలు. దాని బదులు ప్రైవేటు బడి లెక్కల టీచరు నెలకో వారం పక్కనున్న ఒంటరి పంతులు బడిలో కూర్చుని అయిదు తరగతుల్ని ఒక్కచేత్తో నడిపి చూస్తే బాగుంటుంది. ఆ పంతులు అదే వారం ఇక్కడికి వచ్చి ల్యాబులో తన పిల్లలతో ప్రయోగాలు చేసుకోవచ్చు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ నేర్చుకుంటారో నేను పందెం కాయను. ఇరవై ఏళ్లు పల్లె బడిలో పనిచేసిన ప్రాథమిక తరగతుల టీచరుకి తెలిసిన ఉపాయాలు సిలబస్ వెనక పరిగెత్తే కార్పొరేట్ టీచరుకి తెలియవు.

పన్ను మినహాయింపు తీసుకునే ప్రతి విద్యాసంస్థా ఏడాదికి ఒక పేజీ రాసి పంచాయతీ ఆఫీసు గోడకి అంటించాలని నేనంటాను. మా దగ్గర ఫీజు కట్టనివాళ్లు మా వల్ల ఏం నేర్చుకున్నారు, మేం వాళ్ల దగ్గర ఏం నేర్చుకున్నాం. రెండు ప్రశ్నలే. ఎన్ని లడ్డూలు పంచారో రాయనక్కర్లేదు. రెండో ప్రశ్న దగ్గర చాలా పేజీలు ఖాళీగా ఉంటాయని నాకు అనుమానం. ఆ ఖాళీ ఊరివాళ్ల కంట్లో పడితే చాలు.

మా వీధి చివరి బడి హెడ్మాస్టరుని ఒకసారి మైదానం గురించి అడిగాను. మర్యాదస్థుడు, కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ‘ఇవ్వాలనే ఉంటుందండీ. రేపు ఏ పిల్లాడికో చెయ్యి విరిగితే ఎవరిది బాధ్యత?’ అన్నాడు. భయం నిజమైనదే. ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా, గేటు దగ్గర ఒక రిజిస్టరు, వంతులవారీగా ఒక పీఈటీ, మొదటి నెల ఖర్చు వీధివాళ్లం వేసుకుంటాం అన్నాను. ఆయన కాగితం మీద రాసుకున్నాడు కూడా. కరస్పాండెంటు గారిని అడిగి చెబుతానన్నాడు. అది నిరుడు ఏప్రిల్ మాట.